ఫుల్‌స్టాప్ తర్వాత ఒక స్పేసా, రెండా: ఏది మేలు?

కడపలోని మా జాబ్ టైపింగ్ షాపుకు పోయిన నెల ఒక రిటైరైన అయ్యోరు వచ్చారు. చేతిలో రెండు లాంగ్ నోటు పుస్తకాలు. బడి జ్ఞాపకాలన్నీ చేత్తో రాసుకున్నారు. ఎక్కువ తెలుగు, మధ్యమధ్య ఇంగ్లీషు పేరాలు. రేటు మాట్లాడకముందే ఒక షరతు పెట్టారు. "ఫుల్‌స్టాప్ పడినాక రెండు స్పేసులు పడాలమ్మా. ఒకటే కొడితే వాక్యాలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కినట్లుంటాయి."

నా దగ్గర పనిచేసే అమ్మాయికి ఆ మాటే కొత్త. ఆయన పోయినాక అడిగింది. "ఫోన్‌లో స్పేస్ రెండుసార్లు కొడితే ఫుల్‌స్టాపే పడుతుంది కదక్కా. ఫుల్‌స్టాప్ కొట్టినాక మళ్లా రెండెందుకు?"

నేను నేర్చుకున్నది అయ్యోరి పద్ధతి. ఇప్పుడు కొట్టేది ఆ అమ్మాయి పద్ధతి. ఎందుకు మారానో ఇద్దరికీ సరిగ్గా చెప్పాలనిపించింది.

ఇంటర్ పరీక్షలు అయిపోగానే నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. తెల్లవారి ఆరు గంటల బ్యాచ్. వాక్యం అయిపోతే కుడి బొటనవేలు స్పేస్ బార్‌ను రెండుసార్లు కొట్టాల్సిందే. ఒక్కసారే కొడితే మా సార్ ఎర్ర ఇంకుతో చుట్టేవారు, అది తప్పుల లెక్కలో చేరేది. ఎందుకని ఎవరమూ అడగలేదు. కారణం మిషన్‌లోనే ఉంది. టైపు మిషన్ మీద ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు. సన్నటి చిన్న 'ఐ'కి ఎంత చోటో, వెడల్పాటి 'ఎం'కూ అంతే, చుక్కకూ అంతే. పైకా టైపులో అంగుళానికి 10 అక్షరాలు, ఎలైట్‌లో 12. సన్న అక్షరాలకు అటూ ఇటూ తెల్లటి సందులు మిగిలిపోయేవి. పేజీ నిండా అట్లాంటి సందులే ఉంటే, వాక్యం ఆగినచోట ఒక్క గడి వదిలితే కంటికి ఆనదు. రిబ్బన్ పాతబడి చుక్క సరిగా పడకపోయినా, కార్బన్ కింద మూడో కాపీలో మసకబారిపోయినా, రెండు గడుల ఖాళీ మాత్రం నిలిచేది. మిషన్ మీద రెండు స్పేసులే మేలు. ఈ విషయంలో అయ్యోరితో నాకు పేచీ లేదు.

రెండు స్పేసులు టైపు మిషన్‌తోనే పుట్టాయని చాలామంది అంటారు. అది సగం నిజం. సీసపు అక్షరాలు పేర్చే కాలంలోనే ఇంగ్లీషు కంపోజిటర్లు వాక్యానికీ వాక్యానికీ మధ్య పెద్ద ఎడం ఉంచేవారు. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1906లో తెచ్చిన నియమాల పుస్తకం ప్రకారం మాటల మధ్య ఎడం కన్నా వాక్యాల మధ్య ఎడం మూడు రెట్లు. ఇరవయ్యో శతాబ్దంలో అచ్చులో ఆ ఎడం తగ్గుతూ వచ్చింది. అదే షికాగో పుస్తకం ఇప్పుడు ఒక్క స్పేసే చాలంటోంది. అచ్చుపని వాళ్లు వదిలేసిన అలవాటు టైపిస్టుల వేళ్లలో నిలిచిపోయింది.

కంప్యూటర్ వచ్చాక లెక్క మారింది. ఇక్కడ ఫాంటులో ఏ అక్షరానికి తగిన వెడల్పు దానికి ఉంటుంది, కాబట్టి చుక్క, దాని పక్కన ఒక్క స్పేసు కంటికి చాలు. రెండోది కొడితే, ముఖ్యంగా రెండు అంచులూ సమంగా పెట్టే పేజీలో, నష్టమే. వరుసను నింపడానికి కంప్యూటర్ ప్రతి స్పేసునూ సాగదీస్తుంది. రెండు కలిసి సాగితే పేరా మధ్యలో తెల్లటి కాలువలు పారినట్లుంటుంది. పుస్తకం పనిలో నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది అదే. ఇంటర్నెట్ పేజీలో అయితే ఎన్ని స్పేసులు కొట్టినా మామూలుగా ఒకటిగానే చూపిస్తుంది. తెలుగు ఎస్ఎమ్ఎస్‌కు 70 అక్షరాలే చోటు. అందులో ఖాళీ కూడా ఒక అక్షరమే.

రెండు స్పేసుల వైపు వాళ్లు 2018 నాటి ఒక ప్రయోగాన్ని చూపిస్తారు. అమెరికాలో స్కిడ్‌మోర్ కాలేజీ పరిశోధకులు 60 మంది విద్యార్థులతో చేశారు. రెండు స్పేసులు కొట్టే అలవాటున్నవాళ్లు రెండు స్పేసులున్న పాఠాన్ని కొంచెం వేగంగా చదివారు. అర్థం చేసుకోవడంలో తేడా కనపడలేదు. కానీ చదివించింది కొరియర్ న్యూ ఫాంటులో, అంటే టైపు మిషన్ లాగే అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పుండే ఫాంటులో. నాకు అది అయ్యోరి మిషన్ అనుభవానికే సాక్ష్యంగా కనిపిస్తుంది, మన పుస్తకాల ఫాంటులకు కాదు. పరిశోధన వ్యాసాల రాతకు నియమాలు పెట్టే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2009లో చిత్తుప్రతులకు రెండు మేలంది, 2019లో మళ్లీ ఒకటికే వచ్చింది. 2020లో మైక్రోసాఫ్ట్ వర్డ్ రెండు స్పేసులను తప్పుగా గుర్తు పెట్టడం మొదలుపెట్టింది.

ఇదంతా ఇంగ్లీషు గొడవ. అయ్యోరి పుస్తకంలో ఎక్కువ భాగం తెలుగు. అసలు ఆలోచించాల్సింది అక్కడే.

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. ఆ చోటనే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. పాత తాటాకుల మీద మాటకూ మాటకూ మధ్యే ఖాళీ ఉండదు, వాక్యం చివర ఈ ఫుల్‌స్టాపూ ఉండదు. కామా, ఫుల్‌స్టాప్ మనకు ఇంగ్లీషు అచ్చును చూసి వచ్చినవే. అయినా చదివినవాళ్లకు వాక్యం ఎక్కడ ఆగిందో తెలిసేది, ఎందుకంటే తెలుగులో క్రియ మామూలుగా చివరనే వస్తుంది. "వచ్చినాడు", "పోయింది", "చెప్పాల" అనగానే చెవి ఆగుతుంది. రెండో స్పేసు చేసే పని మన భాషలో క్రియ ముందే చేసి పెట్టింది. ఈ పేరా మొదట్లో "సి.పి." పక్కన చుక్కలున్నాయి కదా, అక్కడ వాక్యం అయిపోయిందని ఎవరైనా ఆగారా?

అయితే అయ్యోరి భయంలో ఒక నిజముంది, దాన్ని కొట్టిపారేయలేను. "మాది కడప. మా అమ్మది ప్రొద్దుటూరు." ఇట్లాంటి వాక్యాల్లో క్రియ లేదు. ఇంగ్లీషులో లాగా తర్వాతి వాక్యాన్ని పట్టిచ్చే పెద్ద అక్షరమూ మనకు లేదు. భారమంతా ఆ చుక్కదే. వత్తులు కిందికి వేలాడే లిపిలో అది చిన్నది, జిరాక్స్‌లో జిరాక్స్ తీస్తే మాయమైపోతుంది. దానికి నేను చేసే మందు స్పేసు కాదు. చుక్క స్పష్టంగా ఉండే ఫాంటు తీసుకుంటాను, సైజు 14 పెడతాను, వరుసల మధ్య ఎడం పెంచుతాను. పెద్దవయసు వాళ్ల కళ్లకు పనికొచ్చేది అదే.

మన టైపింగ్‌లో నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. చుక్కకు ముందు స్పేసు. "వచ్చాను ." అని కొడతారు, తర్వాత ఖాళీ వదలరు. వరుస చివర మాట ఆగిపోయి, చుక్క ఒంటరిగా కింది వరుసలో మొదట కూర్చుంటుంది. నా దగ్గరికి ఫోన్‌లో టైపు చేసి పంపే ఫైళ్లలో ఇది ఎంత ఎక్కువో చెప్పలేను. ఒకటా రెండా అనే ముందు, ఆ చుక్కను మాటకు అంటించడం నేర్పాలి.

పాత ఫైలులో రెండు స్పేసులుంటే కంట్రోల్ హెచ్ నొక్కి, వెతికే గడిలో రెండు స్పేసులు, మార్చే గడిలో ఒకటి ఇచ్చి, ఇక దొరకలేదని చెప్పేదాకా మళ్లీ మళ్లీ కొట్టండి. ముందు ఒక కాపీ దాచుకోండి. ట్యాబ్ వాడకుండా స్పేసులతోనే అంకెల వరుసలు కూర్చిన పట్టికలు అందులో ఉంటే అవన్నీ కూలిపోతాయి. నాకు ఒకసారి జీతాల పట్టిక అట్లా పాడై, రాత్రి పదకొండు దాకా మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

అయ్యోరికి ఒకే పేజీని రెండు విధాలా తీసి ఇచ్చాను. వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. తెలుగంతా ఒక స్పేసుతో, 14 సైజులో కానీమన్నారు. తర్వాత నోటు పుస్తకం అట్ట లోపలి నుంచి మడతలు పడిన మూడు కాగితాలు తీశారు. బడికి గదులు కట్టించమని ఆయన స్వయంగా మిషన్ మీద కొట్టి పంపిన ఇంగ్లీషు అర్జీల కార్బన్ కాపీలు. "ఇవి మాత్రం ఉన్నవి ఉన్నట్లే రావాలమ్మా" అన్నారు. ఆ మూడూ కొరియర్ ఫాంటులో పెట్టాం. ఫుల్‌స్టాప్ పడినచోటల్లా రెండు స్పేసులు, నేనే కూర్చుని కొట్టాను.