పెట్టె కొత్తది, అచ్చు పాతది: మిగ్-21 కిట్ కొనేవాళ్లు చూసుకోండి

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానానికి వీడ్కోలు పలకడం టీవీలో చూసి, ఆ ఊపులో దాని 1/72 స్కేల్ కిట్ (ముక్కలు అతికించి చేసుకునే, అసలులో 72వ వంతు ప్లాస్టిక్ నమూనా) ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. రూ.1,850. పెట్టె మీద బొమ్మ మెరిసిపోతోంది. లోపలున్నది మాత్రం అరిగిపోయిన పాత అచ్చులో పోసిన సరుకు. అంచులన్నీ పొరలు కట్టాయి, ఒక చక్రం సగమే పోసుకుంది.

బాడీ రెండు సగాలు ముక్కు దగ్గర కలిశాయి, తోక దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా. అంతేనా అనుకోకండి. ఈ స్కేల్లో రెక్కల వెడల్పు మొత్తం కలిపినా పది సెంటీమీటర్లు రాదు. అసలు విమానం మీద లెక్కేస్తే ఆ సందు నాలుగంగుళాల పైమాటే!

వాపసు అడిగితే, "లోపలి కవరు చించారు కదా, కుదరదు" అన్నారు. కవరు చించకుండా సగాలు కలుస్తాయో లేదో ఎలా తెలుస్తుందండీ? అందుకే డబ్బు కట్టకముందే స్ప్రూల (విడిభాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాల) ఫొటోలు అడగండి, వాపసు షరతులు చదవండి. స్కేల్‌మేట్స్ అనే కిట్‌ల వివరాల వెబ్‌సైట్‌లో కిట్ నంబరు కొట్టి చూస్తే ఆ అచ్చు ఏ కాలం నాటిదో చాలావరకు తెలిసిపోతుంది. నేను ఆ పని కొన్నాక చేశాను.

ఇప్పటికే ఇలాంటిది తగులుకున్నవాళ్లకి నా అనుభవం. ముందు జిగురు లేకుండా టేపుతో బిగించి చూడండి. వంకర పోయిన సగాన్ని వేణ్ణీళ్లలో ముంచి మెల్లగా సరిచేయొచ్చు, మరుగుతున్న నీళ్లు మాత్రం వద్దు. బాడీ మొత్తం ఒకేసారి అతికించొద్దు. తోక దగ్గర అతికించి, పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత ముందుకు రండి. రెక్క మొదట్లో సందుంటే బాడీ లోపల స్ప్రూ పుల్ల ముక్క అడ్డంగా పెడితే గోడలు బయటికి జరిగి సందు మూసుకుంటుంది. నేనేమో తెలివి చూపించి పుట్టీ దట్టించాను. ఆరాక అది కుంచించుకుపోయి మళ్లీ గీత తేలింది. పెద్ద సందులో ముందు పల్చటి ప్లాస్టిక్ షీటు ముక్క దూర్చాలి, పైపూతకే పుట్టీ. సూపర్ గ్లూ వాడితే గంటలోపే రుద్దేయండి, ఆలస్యమైతే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడి చుట్టుపక్కలే అరుగుతుంది.

బాడీ ఎలాగో దారికొచ్చింది. ఆ సగం చక్రానికే దిక్కు లేదు. పాత మిగ్ కిట్‌లో మిగిలినది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొరియర్ ఖర్చు నాది.