సింబా కథకి కొనసాగింపులు మూడు: ఏది మేలు?

1994లో వచ్చిన డిస్నీ బొమ్మల సినిమా 'ది లయన్ కింగ్' చూపించాక పిల్లలు ఊరుకోరు. బాబాయి స్కార్ తండ్రి ముఫాసాని చంపితే ఇల్లొదిలిపోయిన సింహం పిల్ల సింబా కథ అది. తర్వాత ఏమైంది? సింబాని పెంచిన టిమోన్, పుంబా అంతకుముందు ఎక్కడుండేవాళ్ళు? స్కార్ ఎందుకంత చెడ్డవాడయ్యాడు? డిస్నీ ఈ మూడు ప్రశ్నలకీ ఒక్కో సినిమా తీసింది: 1998లో 'సింబాస్ ప్రైడ్', 2004లో 'ది లయన్ కింగ్ 1½', 2024లో 'ముఫాసా'. మొదటి రెండూ అమెరికాలో థియేటర్లకి వెళ్ళకుండా నేరుగా వీడియోలుగానే విడుదలయ్యాయి. మూడోది పెద్ద తెర కోసం తీసినది. తెలుగులో మహేష్ బాబు గొంతుతో వచ్చింది కాబట్టి మన పిల్లల్లో చాలామందికి ముందు తెలిసింది కూడా బహుశా అదే. నా ఓటు మాత్రం మధ్యలో దానికి.

'సింబాస్ ప్రైడ్'తో మొదలుపెడతాను. సింబా కూతురు కియారా, స్కార్ తన వారసుడిగా ఎంచుకున్న కోవు ప్రేమలో పడతారు. మొదటి కథలో షేక్‌స్పియర్ 'హామ్లెట్' ఛాయలుంటే ఇందులో 'రోమియో అండ్ జూలియట్' కనిపిస్తుంది. తీసింది డిస్నీ టెలివిజన్ విభాగం. ఆ తేడా బొమ్మల్లో తెలిసిపోతుంది. రంగుల్లో ఆ లోతు లేదు, గడ్డి మైదానాలు బోసిగా ఉంటాయి. రాతి మీద పసిబిడ్డని చూపించడం, హద్దు దాటి పోయిన పిల్ల, తండ్రి మందలింపు, అన్నీ పాత దారే.

అయినా దీన్ని తీసిపారేయలేను. అందుకు ఒక్క కల చాలు. లోయలో వైల్డ్‌బీస్ట్‌ల మంద పరుగెడుతుంటే కొండ అంచున వేలాడుతున్న తండ్రిని అందుకోవాలని సింబా పంజా చాస్తాడు. వెనకనుంచి స్కార్ పట్టేసుకుంటాడు. మరుక్షణం ఆ అంచున వేలాడేది సింబానే, పైన నిలబడ్డ స్కార్ మొహం కోవు మొహంగా మారిపోతుంది. చిన్నప్పుడు తగిలిన దెబ్బ పెద్దయ్యాక ఎదుటివాణ్ణి నమ్మనివ్వదన్న సంగతిని విడిగా వివరించకుండానే చెప్పేశారు. కోవుని వెలివేసినప్పుడు సింబా మీద మనకి కోపం రాదు, జాలేస్తుంది. స్కార్ పగని మోస్తూ కొడుకుని అందుకోసమే పెంచే కోవు తల్లి జీరా కూడా గట్టి పాత్ర. కక్షని జోలపాటలా పాడే ఆమె పాట చిన్నపిల్లల్ని భయపెడుతుంది, పెద్దవాళ్ళకే ఒళ్ళు జలదరిస్తుంది. చిక్కల్లా ముగింపుతోనే. ఏళ్ళ తరబడి పెంచుకున్న పగ వానలో నాలుగు మాటలకే కరిగిపోతుంది. సగం సినిమాలో అంత ఓపిగ్గా కట్టిన గుంపుల గొడవ అంత తొందరగా తేలిపోవడం నాకు మింగుడుపడలేదు.

ఇక '1½'. చీకటి థియేటర్లో టిమోన్, పుంబా కూర్చుని పాత సినిమానే చూస్తుంటారు. మనం ఉన్న చోటికి తిప్పేద్దామని ఒకడు, మొదట్నుంచీ చూడాలని ఇంకొకడు, రిమోట్ కోసం కొట్లాట. అదే సినిమా, కాకపోతే కథ పక్కదారిలో నడుస్తుంది. తన గుంపులో ఎందుకూ కొరగాని వాడనిపించుకున్న టిమోన్ ఇల్లొదిలి వస్తాడు, పుంబా కలుస్తాడు, ఇద్దరూ రాజ్యంలో జరిగే ప్రతి పెద్ద ఘట్టం అంచుల్లోనూ తిరుగుతుంటారు. సింబాని ఎత్తి చూపించినప్పుడు జంతువులన్నీ ఎందుకు వంగాయి? కింద గుంపులో పుంబా వదిలిన గాలికి దగ్గరున్నవి కూలిపోయాయి, అది చూసి దండం పెడుతున్నాయనుకుని మిగతావి వంగాయి! ఇది పవిత్రమైన ఘట్టాన్ని చెడగొట్టడమే అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. ముఫాసా చావు జోలికి ఈ సినిమా నవ్వుతో వెళ్ళదు. ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ తప్పుకోవాలో తీసినవాళ్ళకి బాగా తెలుసు.

అన్నిటికన్నా నాకు నచ్చింది పెంపకం భాగం. మొదటి సినిమాలో 'హకూనా మటాటా' పాట నడుస్తుండగానే, దుంగ మీద నడుస్తూ నడుస్తూ సింబా పెద్దవాడైపోతాడు. ఆ ఏళ్ళు ఎలా గడిచాయో ఇక్కడ తెలుస్తుంది. పిల్ల సింబా రాత్రంతా నిద్రపోనివ్వడు, ఏ చింతా లేకుండా బతుకుదామనుకున్న ఇద్దరూ ఉన్నట్టుండి తల్లిదండ్రులైపోతారు. అందుకే సింబా యుద్ధానికి వెళ్ళినప్పుడు టిమోన్ అలిగి వెనకే ఉండిపోవడం అంత బరువుగా తగులుతుంది. పాత సినిమాలో వాళ్ళు చివర్లో ఎలాగో వచ్చేస్తారంతే. ఆ రావడం వెనక ఎంత గింజుకోవడం ఉందో ఇది చూశాకే అర్థమవుతుంది. దీన్ని చూసి మళ్ళీ మొదటి సినిమా పెట్టండి, అది ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది.

'ముఫాసా' దీనికి సరిగ్గా తలకిందులు. బ్యారీ జెంకిన్స్ దర్శకుడు, నిజం జంతువుల్లాంటి బొమ్మలు, నీళ్ళూ మంచూ చూస్తే కళ్ళు చెదురుతాయి. తెలుగులో బ్రహ్మానందం పుంబాగా, అలీ టిమోన్‌గా కలిసి సరదాగా లాక్కొచ్చారు. కానీ నిజం సింహం మొహంలో మనిషి మొహంలోలా బాధ కనబడదు. చేత్తో గీసిన స్కార్ ఒక్క కనుబొమ్మ ఎత్తితే పలికేది ఇక్కడ పేజీల మాటలు చెప్పినా పలకదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది కథలో ఉంది. స్కార్, అంటే అప్పటి టాకా, ముఫాసాకి తోడబుట్టినవాడు కాదట. దారి తప్పొచ్చిన అనాథ ముఫాసాని ఆదరించిన ఇంటి బిడ్డట. వాళ్ళిద్దరి చిన్ననాటి స్నేహం బాగుంది, ముఫాసాకి వేట నేర్పే ఎషే పాత్ర మరీ బాగుంది. కానీ టాకా మనసు విరగడానికి చూపించిన కారణం చివరికి ఆడసింహం సరాబీ తనని కాదని ముఫాసాని ఇష్టపడటం. అంత లోతైన విలన్‌కి ఇది చాలా చిన్న కారణం.

వరస చెప్పాలంటే నాకు '1½' ముందు, 'సింబాస్ ప్రైడ్' తర్వాత, 'ముఫాసా' ఆఖర్న. నాలుగైదేళ్ళ పిల్లలైతే జీరా పాట వచ్చేటప్పుడు పక్కన కూర్చోండి. 1994 సినిమా ఇంకా చూడని పిల్లలకి 'ముఫాసా' ముందు పెట్టకండి. సొంత తమ్ముడే అన్న పంజాలు పట్టుకుని లోయలోకి తోసేశాడని తెలిసినప్పుడు కలగాల్సిన దిగులు, వాళ్ళు అన్నదమ్ములు కారని ముందే తెలిసిన పిల్లలకి అంతగా కలగదు.