కార్బురేటర్ ఫ్లోట్ నీడిల్ కిట్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత నా అనుభవం

నాది కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) ఉన్న సింగిల్ సిలిండర్ నాలుగు స్ట్రోకుల బండి. దాని ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువైపోయి స్టార్ట్ కాకుండా మొరాయించడం మొదలై ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో రెండు కంపెనీల ఫ్లోట్ నీడిల్ కిట్లు, అంటే కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే చిన్న సూది ఉండే విడిభాగాల కిట్లు, వాడాను. మొదటిది 5 నెలలకే చేతులెత్తేసింది. రెండోది ఏడేళ్లు దాటినా పనిచేస్తూనే ఉంది. ఇందులో కిట్ గొప్పతనం ఎంత, నేను తర్వాత నేర్చుకుని చేసిన పని ఎంత అన్నది వేరు చేసి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట్లో నేను జబ్బుకి కాక లక్షణానికే వైద్యం చేశాను. పొద్దున్నే బండి కింద తడి మరక కనిపించేది, పెట్రోలు వాసన గుప్పుమనేది, కిక్కు ఎన్నిసార్లు కొట్టినా ఇంజిన్ అందుకునేది కాదు. చోక్ పూర్తిగా ఆఫ్ చేసి, పెట్రోలు ట్యాప్ కట్టేసి, యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్కులు కొడితే గాలి ఎక్కువగా లోపలికి వెళ్లి కొన్నిసార్లు దారికొచ్చేది. అప్పటికీ రాకపోతే స్పార్క్ ప్లగ్ విప్పి, తడిసిన మొనను తుడిచి ఆరబెట్టి, తాళం ఆఫ్‌లోనే ఉంచి ప్లగ్ లేకుండా పది కిక్కులు కొట్టేవాణ్ణి. తాళం ఆన్‌లో ఉంచి ఈ పని చేయకూడదు. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతున్నప్పుడు పక్కనే నిప్పురవ్వ పుడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ పద్ధతితో ఆ పూటకి బండి కదిలేది, మర్నాడు మళ్లీ అదే తంతు.

అసలు లోపం ఫ్లోట్ నీడిల్‌లో ఉంది. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోట్ పైకి తేలి, రబ్బరు మొన ఉన్న చిన్న సూదిని ఇత్తడి సీటులోకి నొక్కి దారి మూసేస్తుంది. నా పాత నీడిల్‌ను భూతద్దం కింద పెట్టి చూస్తే, రబ్బరు మొన చుట్టూ చేతికి గాజు ఒరుసుకున్నట్టు ఒక గాడి పడి ఉంది. గోటితో రాస్తే గోరు అక్కడ ఆగింది. అంత సన్నని గాడి చాలు, రాత్రంతా చుక్కచుక్కగా పెట్రోలు దిగిపోవడానికి.

మొదటి కిట్ విఫలమైనప్పుడు దాని తయారీదారుని గట్టిగానే తిట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో సగం తప్పు నాదే. కొత్త నీడిల్ వేశాను కానీ, నిలవ పెట్రోలు వల్ల సీటు మీద పేరుకున్న గోధుమరంగు జిగురు పొరను ముట్టుకోనే లేదు. రెండో కిట్ వేసేటప్పుడు పుల్లకు చుట్టిన దూదికి ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ అద్ది, సీటు అంచు మెరిసేదాకా నిదానంగా తిప్పి, ఆ పాలిష్ ఆనవాలు మిగలకుండా పెట్రోలుతో కడిగాను. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపి చూశాను. లోపల చప్పుడైతే దానికి చిల్లి పడి పెట్రోలు చేరిందని అర్థం. గిన్నె బిగించాక డ్రెయిన్ గొట్టానికి పారదర్శకమైన పైపు తగిలించి, దాన్ని గిన్నె పక్కన నిలువుగా పట్టుకుని, ట్యాప్ తెరిచి డ్రెయిన్ స్క్రూ వదులు చేశాను. పైపులో పెట్రోలు గిన్నె అంచుకి కొద్దిగా కింద ఆగి, పది నిమిషాల తర్వాత కూడా అక్కడే నిలిచింది. కొత్త నీడిల్ మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

అయినా రెండేళ్ల తర్వాత ఒక ఉదయం కిక్కు సగంలో ఆగిపోయింది. బరువంతా వేసి తొక్కబోయి, ఎందుకో అనుమానం వచ్చి ప్లగ్ విప్పాను. మెల్లగా కిక్కు నొక్కితే రంధ్రం నుంచి పెట్రోలు ధారగా వచ్చింది. ద్రవం గాలిలా కుంచించుకోదు కనుక, ఆ కిక్కు మీద నిలబడి తొక్కి ఉంటే ఇంజిన్ లోపలి భాగాలు దెబ్బతిని ఉండేవేమో. ఆయిల్ పుల్ల తీసి చూస్తే మట్టం పై గీతను దాటి ఉంది, పెట్రోలు వాసన వేస్తోంది. పలచబడిన ఆ ఆయిల్‌తో ఇంజిన్ నడపకుండా మొత్తం తీసేసి కొత్తది పోశాను.

ఈసారి సూదిని అనుమానించే ముందు ట్యాప్‌ను పరీక్షించాను. దాన్ని కట్టేసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి ఒక సీసాలో పెడితే, ఆగకుండా చుక్కలు పడుతూనే ఉన్నాయి. లోపలి నాలుగు రంధ్రాల రబ్బరు వాషరు గట్టిపడిపోయింది. అంటే ఇన్నాళ్లూ నేను ట్యాప్ కట్టేశాననుకున్న ప్రతి రాత్రీ ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలును ఆ చిన్న సూది ఒక్కటే ఆపుతూ వచ్చింది. ఆ ఒక్క రాత్రి ఏ నలుసో అడ్డుపడి అది పూర్తిగా మూసుకోలేదు. ట్యాప్ వాషరు మార్చి, ట్యాంకుకీ కార్బురేటర్‌కీ మధ్య ఒక ఫిల్టర్ పెట్టాక ఇంజిన్ మళ్లీ పెట్రోలుతో మునగలేదు.

రెండో కిట్‌కు నేను మంచి మార్కులే వేస్తాను, కానీ నీడిల్‌కు మాత్రమే. దానితో ఇచ్చిన జెట్లు (పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రాల ముక్కలు) నేను వాడలేదు. బండితో వచ్చిన ఇత్తడి జెట్లు కడిగితే శుభ్రపడేవే, పైగా కిట్ జెట్ల రంధ్రం కొలతలు అసలు వాటితో కలవలేదు. ఫ్లోట్ ఆధారపడి కదిలే పిన్ను కిట్‌లో లేదు, అరిగిన పాత పిన్నుతోనే సర్దుకోవాల్సి వచ్చింది. గిన్నె రబ్బరు రింగు ఇంకో చికాకు: పెట్రోలులో నానిన రింగును బయటికి తీస్తే ఉబ్బి సాగిపోయి తిరిగి గాడిలో కూర్చోదు. నేను మొదటిసారి కంగారుపడి దాన్ని బలవంతంగా ఇరికించి చింపేశాను. రాత్రంతా గాలికి ఆరనిస్తే చాలావరకు పాత కొలతకు వస్తుందని తర్వాత తెలిసింది, అందుకే ఇప్పుడు గిన్నె విప్పే పని ఏదున్నా మర్నాడు బండి అవసరం లేని రోజు సాయంత్రమే పెట్టుకుంటున్నాను.