ఓటీపీ అడగని వైఫై: లింక్‌ఎన్‌వైసీతో తొమ్మిదేళ్లు

న్యూయార్క్‌లో పాత పబ్లిక్ ఫోన్ల స్థానంలో పెట్టిన లింక్‌ఎన్‌వైసీ అనే ఉచిత వైఫై స్తంభాలను ఈ ఊరు చూసినవాళ్లెవరికీ కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. స్పీడ్ గురించి, వాటి మీద వచ్చే యాడ్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: ఈ వైఫై ఓటీపీ అడగదు. నాకు దీని మీద ఇంత అభిమానం ఉండటానికి కారణం అదే.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ల కోసం చెప్తున్నాను. ఒకసారి సెలవులకు ఇంటికి వెళ్తూ మన దగ్గర ఒక ఎయిర్‌పోర్టులో దిగి వైఫై ఆన్ చేశాను. ఫోన్ నంబర్ అడిగింది. అమెరికా నంబర్ కొట్టి ఎంతసేపు చూసినా ఓటీపీ రాలేదు. పాత ఇండియా సిమ్ ఎప్పుడో పోయింది. బయట తమ్ముడు ఎదురుచూస్తున్నాడు, వాడికి ఒక్క మాట చెప్పాలంటే పక్కన కూర్చున్న పెద్దాయన ఫోన్ అడిగి తీసుకోవాల్సి వచ్చింది. సిమ్ పనిచేస్తుంటే నాకు వైఫైతో పనేముంది?

ఇక్కడ అలా కాదు. స్తంభం దగ్గర నిలబడి ఒక్కసారి మెయిల్ ఐడీ కొడితే చాలు. ఆ తర్వాత ఊళ్లో ఏ స్తంభం దగ్గరికి వెళ్లినా ఫోన్ దానంతట అదే కనెక్ట్ అయిపోతుంది. 2016లో ఇవి మొదలైన కొత్తలో థర్డ్ అవెన్యూ మీద నిలబడి తెనాలిలో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేశాను. బొమ్మ ఎక్కడా ఆగలేదు. "పక్కనే ఉన్నట్టున్నావే" అంది అమ్మ. అప్పట్లో నా ప్లాన్‌లో డేటా తక్కువ కావడంతో రోజూ ఆఫీసు నుంచి ట్రైన్ దాకా వాటినే నమ్ముకుని నడిచేదాన్ని.

కానీ అసలు విలువ తెలిసింది 2019లో. ఆ అక్టోబరులో అమ్మ ఆర్నెల్లు ఉండటానికి వచ్చింది. ఇండియా సిమ్‌కి రోమింగ్ వేయిద్దామంటే "అంత డబ్బు ఎందుకే, నేనెక్కడికి పోతాను, నీతోనేగా ఉండేది" అని ఒప్పుకోలేదు. సరే అని వచ్చిన వారంలోనే ఒక స్తంభం దగ్గరికి తీసుకెళ్లి తన ఫోన్‌లో వైఫై పెట్టించాను. అంతే, దాని సంగతి ఇద్దరం మర్చిపోయాం.

ఒక ఆదివారం ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్లి, కింద క్యాంటీన్‌లో దోసెలు తిని, సెవెన్ ట్రైన్‌లో టైమ్స్ స్క్వేర్ దాకా వచ్చాం. పోర్ట్ అథారిటీ బస్టాండ్‌లో న్యూజెర్సీ బస్సు ఎక్కాలి. పాపను బాత్రూంకి తీసుకెళ్తూ "ఇక్కడే ఉండమ్మా" అన్నాను. బయటికి వచ్చి చూస్తే అమ్మ లేదు. జనం తోసుకుంటూ పోతుంటే, పక్కకు జరుగుతూ జరుగుతూ ఎయిత్ అవెన్యూ మీదకు వెళ్లిపోయింది. మేం కూడా బయటికి వెళ్లామేమో అనుకుని మమ్మల్ని వెతుక్కుంటూ నడిచిందట. అమ్మకు ఇంగ్లిష్ నాలుగు ముక్కలు వచ్చు, చేతిలో సిగ్నల్ లేని ఫోన్. పాపను చంకనేసుకుని ఆ బస్టాండ్‌లో నేను పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అక్కడ అమ్మ నడుస్తూ ఉండగా బ్యాగులో ఫోన్ టింగుటింగుమని ఒకటే మోత. పొద్దున్నుంచి ఆగిపోయిన ఫ్యామిలీ గ్రూపు మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. పెదనాన్న పంపే పువ్వుల బొమ్మల గుడ్‌మార్నింగ్‌లు, పిన్ని పంపిన కార్తీక దీపాల వీడియో. తీసి చూసుకుని, మెసేజ్‌లు వస్తున్నాయంటే ఇక్కడ నెట్ ఉందని పోల్చుకుని అక్కడే ఆగిపోయింది. నాకు వాట్సాప్ కాల్ చేసింది. ఎత్తేలోపు కంగారులో నాలుగడుగులు ముందుకు వేసిందేమో, కట్ అయింది. మళ్లీ వెనక్కి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడి చేసింది. "ఏమే, నేనిక్కడే నుంచున్నా, కదలను, నువ్వే రా" అంది. ఎక్కడమ్మా అంటే చెప్పలేక, తల పైకెత్తితే కనిపించిన ఆకుపచ్చ వీధి పేరు బోర్డును ఫొటో తీసి పంపింది. కొంచెం వంకరగా వచ్చింది కానీ వెస్ట్ 38 అని స్పష్టంగా ఉంది. పరుగున వెళ్లేసరికి స్తంభం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ఆ రోజు సంతోషంలో "ఈ ఊళ్లో ఎక్కడ తప్పిపోయినా ఫర్వాలేదు" అని అందరికీ చెప్పాను. అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది. 7,500 స్తంభాలు పెడతామని మొదలుపెట్టిన ఈ పథకంలో సగం కూడా రాలేదు. వచ్చినవి కూడా మన్‌హాటన్ పెద్ద అవెన్యూల మీదే ఎక్కువ, క్వీన్స్, బ్రాంక్స్ లోపలి వీధుల్లో తక్కువ. తప్పిపోయింది ఎయిత్ అవెన్యూ మీద కాబట్టి సరిపోయింది. కొంత దూరం జరిగితే లైను తెగుతుందనేది అమ్మ అనుభవమే చెప్తోంది. స్తంభానికి ఉన్న ట్యాబ్లెట్‌లో మొదట్లో నెట్ చూసుకునే వీలుండేది, గంటల తరబడి దాని ముందే కూర్చుంటున్నారని 2016 సెప్టెంబరులోనే తీసేశారు. ఫోన్ లేనివాళ్లకు అదొక్కటే ఆధారం, తీసేయకుండా టైం లిమిట్ పెట్టి ఉంచాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అమెరికాలో ఏ నంబర్‌కైనా ఉచితంగా కాల్ చేసే సౌకర్యం మాత్రం ఉంది. ఆ సంగతి అమ్మకు ముందే చెప్పి, నా నంబర్ చీటీ మీద రాసి ఇవ్వకపోవడం నా పొరపాటు. ఇంకో మాట, మామూలుగా కలిసే నెట్‌వర్క్‌కి పాస్‌వర్డ్ ఉండదు, అందుకే బ్యాంకు పనులు దాని మీద చేయను.

ఇప్పుడు నాది అన్‌లిమిటెడ్ ప్లాన్, నా కోసమైతే నెలకోసారి కూడా వాడను. ఇక్కడే ఉద్యోగం, ఇక్కడి సిమ్ ఉన్నవాళ్లకు ఇది ఉన్నా లేకపోయినా పెద్ద తేడా తెలియకపోవచ్చు. అమ్మానాన్నలు వస్తూపోతూ ఉండేవాళ్లు మాత్రం దిగిన వారంలోనే వాళ్ల ఫోన్లలో పెట్టించండి. మా అమ్మ మళ్లీ ఏప్రిల్‌లో వస్తోంది. పాత ఫోన్ పాడైపోతే కొత్తది కొనుక్కుందట, కాబట్టి మెయిల్ ఐడీ మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. ఈసారి చీటీ కూడా రాసిస్తాను.