లిటిల్ రాక్‌లో 150 డాలర్ల పులిహోర

మోటెల్ సంగతి ముందు రాసేస్తాను, లేకపోతే మిగతాదంతా ఆ మంటతోనే రాస్తాను. మామయ్యగారికి సెంట్రల్ హైస్కూల్ అనే చరిత్రకెక్కిన బడి చూపించడానికి బయల్దేరాం. డాలస్ నుంచి ఆర్కన్సాలోని లిటిల్ రాక్‌కి ఐ-30 మీద ఐదు గంటలు, దారిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఊరి బయట హైవే పక్కన ఒక మోటెల్లో రెండు రూములు తీసుకున్నాం. ఒక్కోటి 89 డాలర్లు, టాక్సులతో మొత్తం 202.92. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, ఏసీ మాత్రం రాత్రంతా గుర్రు పెట్టింది. చేరేసరికి పొద్దుపోతుందని అత్తయ్యగారు పులిహోర, పెరుగన్నం, కాస్త ఆవకాయ కట్టి తెచ్చారు. చల్లటివే తిన్నాం, మైక్రోవేవ్ కూడా ముట్టుకోలేదు.

పొద్దున చెక్ అవుట్ చేస్తుంటే కౌంటర్లో కుర్రాడు మీ కార్డు మీద ఇంకో 150 డాలర్లు వేశామన్నాడు. ఎందుకయ్యా అంటే రూములో ఫుడ్ స్మెల్ ఉందట, స్పెషల్ క్లీనింగ్ చేయించాలట. రాత్రి సంతకం పెట్టిన కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది, అది చూపించాడు. పక్క రూము వాళ్ళు అర్ధరాత్రి దాకా చికెన్ వింగ్స్ తింటుంటే కారిడార్ అంతా అదే వాసన, మరి వాళ్ళకీ వేశారా అంటే ఆ వివరాలు చెప్పకూడదన్నాడు. మేనేజర్ లేడు, ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంటికొచ్చాక కార్డు వాళ్ళ దగ్గర డిస్ప్యూట్ వేస్తే, సాక్ష్యం అంటూ మోటెల్ నుంచి ఒక ఫొటో వచ్చింది. చెత్తబుట్టలో కరివేపాకు రెమ్మ! డబ్బు ఇంకా తేలలేదు. కాబట్టి సంతకానికి ముందు క్లీనింగ్ ఫీజు ఏ మూల దాక్కుందో చూసుకోండి, రూము ఖాళీ చేసేటప్పుడు ఫోన్లో ఒక వీడియో తీసి పెట్టుకోండి.

కార్లో గొడవ. మనల్ని చూసే వేశాడు అని నేను. టూర్ టైమవుతోంది, వదిలెయ్ అని మావారు. "మమ్మీ, నీకు ప్రతిదీ రేసిజమేనా" అని తొమ్మిదో తరగతి మావాడు. అత్తయ్యగారు తన పులిహోర వల్లే ఇదంతా అని మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మామయ్యగారు మాత్రం కిటికీలోంచి చూస్తూ ఉలుకూ పలుకూ లేదు. అసలీ ప్రయాణం ఆయన కోరికే. అమెరికా వచ్చినప్పటినుంచీ సెంట్రల్ హైస్కూల్ చూడాలని పట్టు.

1957లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు తెల్లపిల్లల బడిలో చేరబోతే, గవర్నర్ ఫాబస్ రాష్ట్ర సైనిక దళమైన నేషనల్ గార్డును పెట్టి అడ్డుకున్న బడి ఇదే. వేరు బడులు చెల్లవని సుప్రీం కోర్టు 1954లోనే చెప్పింది, అయినా సరే. చివరికి ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ నుంచి వెయ్యిమందికి పైగా సైనికుల్ని దించితే, సెప్టెంబరు 25న పిల్లలు తుపాకుల కాపలాలో ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళారు.

విజిటర్ సెంటర్ నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళది, ప్రవేశం ఉచితం. చాలామంది ఆ ఒక్కటి చూసి, బడి ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. అది అన్యాయం. బడి ఇప్పటికీ నడుస్తోంది, రేంజర్, అంటే పార్క్ సర్వీస్ గైడు, వెంట తప్ప లోపలికి వెళ్ళలేం, ఆ టూర్ ముందే బుక్ చేసుకోవాలి. మా టెక్సస్‌లో స్ప్రింగ్ బ్రేక్, వాళ్ళకి ఇంకా బడి ఉంది, కాబట్టి మాకు కుదిరింది.

మాకు దొరికిన రేంజరమ్మ బోర్డులు చదివే రకం కాదు. మమ్మల్ని బడి ముందు వీధిలో నిలబెట్టి, సెప్టెంబరు 4న పదిహేనేళ్ళ ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ ఒంటరిగా నడిచిన దారి ఇదే, నడవండి అంది. మిగతా పిల్లలు కలిసి రావాలని అనుకున్నారు, ఎలిజబెత్ ఇంట్లో ఫోన్ లేదు, ఆ కబురు అందలేదు. తనే కుట్టుకున్న కొత్త గౌను వేసుకుని వచ్చింది. గార్డులు తెల్లపిల్లల్ని వదిలి తనకి అడ్డం నిలబడ్డారు. వెనక గుంపు అరుస్తుంటే ఆ వీధి చివర బస్ స్టాప్ బెంచీ దాకా నడిచి కూర్చుంది. ఆ నడక కాగితం మీద చదివితే రెండు లైన్లు. కాళ్ళతో నడిస్తే ఎంతకీ తరగదు, ఎందుకంటే బడి ముఖభాగం అంత పొడవు. "ఆ పిల్లని వాళ్ళమ్మ ఎట్లా పంపిందమ్మా" అని అత్తయ్యగారు నన్నడిగారు. మావాడికీ పదిహేనేళ్ళే, ఇయర్‌ఫోన్స్ జేబులో పెట్టేశాడు, నేను చెప్పకుండానే.

లోపల గంట కొట్టగానే అన్ని రంగుల పిల్లలూ బిలబిలమంటూ మా పక్కనుంచి పోయారు, మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు, రోజూ చూసే టూరిస్టులమే కదా. క్యాంటీన్ కథ అక్కడే విన్నాం. దారికి అడ్డంగా కుర్చీలు తోస్తుంటే ఆ తొమ్మిదిమందిలో ఒకమ్మాయి మినీజీన్ బ్రౌన్ ట్రేలోని చిల్లీ (బీన్స్, మాంసం కూర) ఇద్దరు కుర్రాళ్ళ మీద పడింది, తనని సస్పెండ్ చేశారు, తర్వాత ఇంకో గొడవలో 1958 ఫిబ్రవరిలో బడినుంచే తీసేశారు. ఆ ఏడాదే తొమ్మిదిమందిలో ఇంకొకడు, ఎర్నెస్ట్ గ్రీన్, పట్టా అందుకున్నాడు, ఆ వేడుకకి మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి కూర్చున్నారు.

మామయ్యగారిని కదిలించింది మాత్రం ఆ తర్వాతి ఏడాది. కలిపి చదివించడం ఇష్టంలేక 1958-59లో ఊళ్ళోని ప్రభుత్వ హైస్కూళ్ళన్నీ మూసేశారు, తెల్లవాళ్ళవీ నల్లవాళ్ళవీ కూడా. ఓటు పెడితే 19,470 మంది కలపొద్దన్నారు, 7,561 మంది కలపమన్నారు. 3,600 మందికి పైగా పిల్లలకి బడి లేదు. టీచర్లకి కాంట్రాక్టు ఉంది కాబట్టి రోజూ వచ్చి ఖాళీ క్లాసుల్లో కూర్చునేవాళ్ళు. ఫుట్‌బాల్ మాత్రం ఆగలేదు! "పాఠాలు ఆపి ఆటలు ఆడించారా" అని మామయ్యగారు తన ఇంగ్లీషులో రేంజరమ్మని మూడు రకాలుగా అడిగారు, హాజరు పట్టీ ఎవరు రాశారు, జీతం ఎలా ఇచ్చారు అని కూడా. ఆవిడ విసుక్కోకుండా అన్నిటికీ చెప్పింది. అంత ఓపిక ఏ టూర్ గైడు దగ్గరా చూడలేదు, టిప్ ఇవ్వబోతే తీసుకోకూడదంది.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక మామయ్యగారు ఎవరూ అడక్కుండానే చెప్పారు. తన చిన్నప్పుడు బళ్ళో దళితవాడ పిల్లలు గోడవారగా కూర్చునేవాళ్ళట, వాళ్ళకి నీళ్ళు దోసిట్లోకి పైనుంచి పోసేవాళ్ళట, పోసే వంతు తనకీ వచ్చేదట. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఈ మాట ఆయన నోట వినలేదు. మావాడు "వాళ్ళు ఇప్పుడెక్కడున్నారు తాతయ్యా" అంటే, ఇద్దరి పేర్లు చెప్పి ఆగిపోయారు. మా 150 డాలర్ల అవమానాన్ని దీనితో కలపడం నాకిష్టం లేదు. మోటెల్ మీద కోపం మాత్రం అలాగే ఉంది.

భోజనం ఊళ్ళోని ఒక సోల్ ఫుడ్, అంటే నల్లజాతివాళ్ళ సంప్రదాయ వంటల, హోటల్లో. కూరగాయల ప్లేటు 11.50, మూడు కూరలు, కార్న్ బ్రెడ్. శాకాహారులైతే ఆకుకూర, బీన్స్ వేటితో ఉడికించారో కచ్చితంగా అడగండి, చాలా చోట్ల పంది మాంసం ముక్క వేస్తారు. మా అత్తయ్యగారికి మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన బెండకాయ వచ్చింది. పొద్దుటినుంచీ మాట్లాడనావిడ రెండో ప్లేటు అడిగారు, 4 డాలర్లు. చిలగడదుంపతో చేసిన ‘పై’ అనే స్వీటు కూడా బాగుంది, తీపి ఎక్కువ.

సాయంత్రం రాష్ట్ర శాసనసభ భవనం (కాపిటల్) ఆవరణలో ఆ తొమ్మిదిమంది విగ్రహాలు చూశాం, అదీ ఉచితమే. మర్నాడు దగ్గర్లోని హాట్ స్ప్రింగ్స్ ఊళ్ళో హాయిగా గడిచింది. బస మాత్రం ఈసారి వెళ్తే పది, ఇరవై డాలర్లు ఎక్కువైనా ఊళ్ళోనే తీసుకుంటాను. టూర్‌కి ఆరో తరగతి దాటిన పిల్లల్నే తీసుకెళ్ళండి, చిన్నవాళ్ళకి నడక ఎక్కువ. మామయ్యగారు ఇప్పుడు కాన్సస్‌లోని టొపీకా అంటున్నారు, 1954 కేసు అక్కడి పిల్లల బడి గురించే కదా. ఆయన రిటర్న్ ఫ్లైట్ జూన్‌లో, మావారికి సెలవు దొరకాలి.