బిజినెస్ క్లాసు టికెట్ కొన్నా ‘అదనపు లాంజ్’కు పంపిస్తారు, జాగ్రత్త

అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు మన విజయవాడ, గుంటూరుల్లో ఇంటికొకరు కనిపిస్తారు. మోకాళ్ల నొప్పులున్నాయని, దారిలో కాస్త నడుము వాల్చవచ్చని ఆశపడి, వాళ్లకు బిజినెస్ క్లాసు టికెట్లు కొనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పోయిన నెల అమ్మానాన్నలతో గన్నవరంలో బయలుదేరాను. విమానం మారే చోట ఆరు గంటలు ఆగాలి. టికెట్ అమ్మినవాళ్లు లాంజ్, అంటే బిజినెస్ క్లాసు వాళ్లు వేచి ఉండే గది, ఫొటోలు చూపించారు: వాలుకుర్చీలు, స్నానాల గదులు, వేడి భోజనం. మేము చేరేసరికి అర్ధరాత్రి దాటింది. దూరదేశాల విమానాలు చాలావరకు ఆ వేళకే వరుసకడతాయి కాబట్టి రద్దీ కూడా అప్పుడే. చక్రాల కుర్చీ తోసుకొచ్చిన కుర్రాడు అమ్మను లాంజ్ గుమ్మం దగ్గర దింపి వెళ్లిపోయాడు. భోజనం తలుపు అవతలే ఉంది కదా అని అమ్మ పక్కనున్న మరుగుదొడ్డిలోకి వెళ్లి ఇన్సులిన్ తీసుకుంది. తిరిగొచ్చేసరికి కౌంటర్‌లోని అమ్మాయి, లోపల నిండిపోయిందని, అదనపు లాంజ్‌కు వెళ్లమని నా చేతిలో ఒక చీటీ పెట్టింది.

అది విమానాశ్రయం ఆ చివర ఉంది. అమ్మ నడకకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. తీరా చూస్తే అడ్డుతెరలతో వేరు చేసిన ఒక హాలు, గేటు దగ్గర ఉండే ఇనుప కుర్చీలే. వంట లేదు. చల్లటి శాండ్‌విచ్‌లు, చిప్స్ పొట్లాలు, టీ యంత్రం. శాకాహారం అప్పటికే అయిపోయింది. స్నానాల గది మాట దేవుడెరుగు, మరుగుదొడ్డికి కూడా బయటికే వెళ్లాలి. విమానాల వేళలు చూపే తెర లేదు, పిలిచి చెప్పే మనిషీ లేడు.

ఇన్సులిన్ తీసుకుని భోజనం చేయకపోవడంతో షుగర్ పడిపోయి అమ్మకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. టీ యంత్రం పక్కనున్న పంచదార పొట్లాలు చించి నీళ్లలో కలిపి తాగించాను. నాన్న మనవళ్ల కోసం తెస్తున్న సున్నుండల డబ్బా తీశారు. మూతకు కట్టిన తాడు ముడి వేళ్లకు రాకపోతే పళ్లతో తెంపారు. ఒక ఉండను చిదిపి కొంచెం కొంచెంగా అమ్మ నోట్లో పెడుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

రద్దీ ఎవరి చేతిలోనూ లేదంటారు. నేను ఒప్పుకోను. ఆ రాత్రికి ఎన్ని బిజినెస్ క్లాసు సీట్లు అమ్మారో విమాన సంస్థకు ముందే తెలుసు. చోటు లేనప్పుడు ఇంకో చోటు చూపిస్తే చూపించనీ, అక్కడ ఏవేవి ఉండవో డబ్బు తీసుకునే ముందు చెప్పాలి.

టికెట్ నిబంధనల్లో ‘స్థలం ఉంటేనే లాంజ్ ప్రవేశం’ అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే, అదనపు లాంజ్‌లో భోజనం, మరుగుదొడ్డి ఉంటాయా అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. అన్నం పళ్లెం ఎదురుగా కనిపించేదాకా భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్ తీసుకోనివ్వకండి. లోపల చోటు దొరికిందని తేలేవరకు చక్రాల కుర్చీ మనిషిని వదలకండి. అసలు లాంజ్ కౌంటర్‌లో పేరు రాయించమని అడగండి. కొన్ని విమానాలు వెళ్లిపోగానే ఖాళీ అవుతుందట. అలా పేరు రాయించుకున్న దంపతులను గంటన్నరకే లోపలికి పిలిచారని తర్వాత గేటు దగ్గర తెలిసింది. మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

సంస్థకు రాస్తే చింతిస్తున్నామని రెండు వాక్యాలు వచ్చాయి. పౌర విమానయాన శాఖ వారి ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టాను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. సంస్థ కార్యాలయం ఎక్కడున్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గడువు 2 ఏళ్లు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు అయితే రుసుము లేదు. బోర్డింగ్ పాసులు, ఫొటోలు పారేయకండి. అదనపు లాంజ్‌కు పంపుతూ ఇచ్చే చీటీ మరీ ముఖ్యం. లోపలికి వెళ్లేటప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటారు, ముందే ఫొటో తీసుకోండి.