ఓడల మోడళ్ల మీద ఏడేళ్లుగా ఆయిల్ ట్యూబులే వాడాక

కాన్వాస్ మీద బొమ్మలు వేసేవాళ్లు వాడే మామూలు ఆయిల్ కలర్ ట్యూబులు ఉంటాయి కదా, నేను ఏడేళ్లుగా నా ఓడల మోడళ్లకు వెదరింగ్ అంతా, అంటే తుప్పు, మరకలు, వెలిసిన రంగు వేసి వాడిన ఓడలా కనిపించేలా చేయడం, వాటితోనే చేస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది ఓడలయ్యాయి, ఆరు 1/350 స్కేలులో (అసలు ఓడలో 350వ వంతు సైజు), మూడు 1/700లో. మొదట్లో కొన్న అయిదు ట్యూబుల్లో నాలుగు ఇంకా సగం కూడా అవ్వలేదు. తుప్పు రంగుకి వాడే ఎర్రటి గోధుమ రంగు, బర్న్‌ట్ సియన్నా ఒక్కటే ఖాళీ అయింది, అదెందుకయిందో కాసేపట్లో చెప్తా, కాస్త సిగ్గుపడాల్సిన సంగతే.

అంతకుముందు సీసాల్లో కలిపి అమ్మే వాష్‌లు (గీతల్లోకి, సందుల్లోకి పాకే పల్చటి రంగు) వాడేవాణ్ణి. అవి చెడ్డవని అనను. కానీ హల్ (ఓడ పొట్ట భాగం) ఒక చివర పూసి రెండో చివరకి వెళ్లేసరికి మొదటి చివర అంచులు ఆరిపోయి గీతలు పడేవి, ఇక వాటిని చెరపడానికి రుద్దితే కింది రంగు కూడా లేచొచ్చేది. ఆయిల్‌తో ఆ టెన్షన్ లేదు. రాత్రి పూసి పడుకుని, పొద్దున చూసి నచ్చకపోతే, కుంచెని వైట్ స్పిరిట్‌లో (ఆయిల్ రంగుని పల్చన చేసే ద్రావకం) ముంచి బాగా పిండి తుడిచేయొచ్చు. నాకైతే ఆయిల్ వాడడానికి ఈ ఒక్క కారణం చాలు.

అయితే ట్యూబు నుంచి తీసి నేరుగా పూస్తే కుదరదు. ముందు అట్టముక్క మీద పిండి ఓ గంట వదిలేయాలి, అందులోని అవిసె నూనెని అట్ట పీల్చుకుంటుంది. ఈ పని బద్ధకించానంటే రంగు రోజుల తరబడి ఆరదు, ఆరాక కూడా జిడ్డు మెరుపు ఉంటుంది. కింద ఉన్న యాక్రిలిక్ పూర్తిగా గట్టిపడి, దానిమీద గ్లాసీ వార్నిష్ ఉంటేనే వాష్ మోడల్ మీది రేకుల అతుకు గీతల్లోకి తనంతట తాను పాకుతుంది. మ్యాట్ వార్నిష్ మీద వేశానో, అద్దుడు కాగితం మీద సిరా పడ్డట్టే, మరక ఇక పోదు.

ఇక ఆ ఖాళీ అయిన ట్యూబు కథ. ఆయిల్‌తో చేసిన మొదటి ఓడ 1/350 ఫ్లెచర్ తరగతి డిస్ట్రాయర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా యుద్ధనౌక), మోడల్ పొడవు 33 సెంటీమీటర్లు ఉంటుంది. చెరిపే వీలుంది కదా అన్న ధైర్యంతో పూస్తూ పోయాను, చెరపడం మాత్రం మర్చిపోయాను. అయిపోయాక చూస్తే యుద్ధం చేసొచ్చిన ఓడలా లేదు, సముద్రం అడుగు నుంచి క్రేన్‌తో పైకి తీసినట్టుంది. తర్వాత లెక్క వేసుకున్నాను: 1/350లో ఒక మిల్లీమీటరు వెడల్పున్న తుప్పు చార అంటే అసలు ఓడ మీద 35 సెంటీమీటర్లు, 1/700లో అయితే 70. మనిషి నిలబడితేనే అయిదు మిల్లీమీటర్లు రాని స్కేలులో నేను మనిషి భుజాలంత వెడల్పు చారలు గీశానన్నమాట! ఇప్పుడు సన్నటి కుంచె మొనతో చుక్క పెట్టి, చదును కుంచెతో కిందికి లాగి, అందులో ముప్పాతిక వంతు తుడిచేస్తాను. కంటికి కనపడీ కనపడనట్టు మిగిలితే అదే సరైన కొలత.

తుప్పు చారల్ని ఎక్కడ పడితే అక్కడా వేయకూడదు. లంగరు గొలుసు బయటికొచ్చే కన్నం కింద, డెక్ మీది నీళ్లు జారే తూముల కింద, ఆ తర్వాత నీటి గీత చుట్టుపక్కల, అంతే. ఓడ చరిత్ర కూడా చూసుకోవాలి. జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ 1940 ఆగస్టులో నౌకాదళంలో చేరింది, 1941 మే 27న మునిగిపోయింది, పట్టుమని పది నెలలైనా లేదు. దానికి ఇరవై ఏళ్ల సరుకు ఓడలా తుప్పు పట్టించిన మోడల్ చూస్తే నాకు నవ్వొస్తుంది (నేనూ చేసేవాణ్ణే, డిస్ట్రాయర్ ముందే బుద్ధి చెప్పింది కాబట్టి సరిపోయింది). దాని హల్ మీద తుప్పు దాదాపు వేయలేదు, తెలుపు, లేత బూడిద చుక్కలు అక్కడక్కడా పెట్టి కరిగించి, ఒకే రంగులో ఉన్న ఇనుము కాస్త వెలిసినట్టు చేశానంతే.

ఇన్నేళ్లు వాడితేనే బయటపడిన లోపాలు రెండున్నాయి. వైట్ స్పిరిట్ ఎక్కువై అతుకుల్లో నిలబడితే ప్లాస్టిక్‌ని పెళుసు చేస్తుంది, ఒక క్రూజర్ (యుద్ధనౌక) ముందరి మాస్తు, అంటే ఎత్తైన స్తంభం, అడుగు దగ్గర అలాగే చీలింది, దాని మీద రిగ్గింగ్ (స్తంభానికి కట్టే తాళ్లు, తీగలు) అంతా అయ్యాక. అప్పటి నుంచి కుంచెని ముందు గుడ్డకి అద్దకుండా ఓడ దగ్గరికి తీసుకెళ్లను. రెండోది తెలుపు. రెండేళ్లు పెట్టెలో ఉంచిన ఓడని బయటికి తీస్తే టైటానియం వైట్‌తో వేసిన చారలు పసుపుపచ్చగా తిరిగాయి. అవిసె నూనె చీకట్లో ఉంటే అంతే. కిటికీ దగ్గర పెట్టాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇప్పుడు తెలుపు మాత్రం కుసుమ నూనెతో చేసినది కొంటున్నాను, అది పసుపెక్కడం తక్కువ.

వాసన లేనిదని రాసి ఉన్నా వైట్ స్పిరిట్ ఆవిరి ఆవిరే, కిటికీ తెరిచే కూర్చోవాలి. నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి బుట్టలో పడేయొద్దు, అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు, నేను నీళ్లున్న డబ్బాలో వేస్తాను.

వారాంతంలో ఓడ ముగించాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, సీసాల వాష్‌లే మేలు. 1/700లో కూడా నేను డెక్ మీద పల్చటి వాష్ తప్ప ఆయిల్‌తో పెద్దగా ఏమీ చేయను, ఇత్తడి రెయిలింగ్‌కి కుంచె తగిలిందంటే వంగిపోతుంది, దాన్ని సరిచేయడం రంగు వేయడంకన్నా పెద్ద పని. 1/350కి మాత్రం ఇంకేదీ చేతికి రావట్లేదు. మాస్తు చీలిన ఆ క్రూజర్‌కి ఇత్తడి తీగతో కొత్తది చేశాను, రిగ్గింగ్ మళ్లీ కట్టాలి, కుడి పక్క చారలు అయ్యాయి, ఎడమ పక్కవి ఇంకా ఆరుతున్నాయి.